రంగులు తేడాగా కనబడే అబ్బాయి సినిమా కాలేజీకి దరఖాస్తు పెట్టవచ్చా?

ఫిల్మ్‌నగర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు.

"డాక్టరు గారికి నమస్కారములు. మావారు సినిమా షూటింగుల్లో లైట్‌మన్‌గా పని చేస్తారు. మా అబ్బాయి ఈ ఏడు ఇంటర్ పాసయ్యాడు. చిన్నప్పటి నుంచీ వాడికి కెమెరా అంటే ప్రాణం. సినిమా కాలేజీలో డిగ్రీకి దరఖాస్తు పెడదామనుకుంటూ ఉండగా, మా బస్తీలో పెట్టిన కంటి శిబిరంలో వాడికి చుక్కల పుస్తకం చూపించారు. అందులో అంకెలు చదవలేకపోయాడని, రంగుల గుడ్డితనం ఉందని రాసి ఇచ్చారు. ఆ కాగితం చూసినప్పటి నుంచి మావారు వాడితో సరిగా మాట్లాడడం లేదు. బి.కాం.లో చేర్పిద్దాం అంటున్నారు. వాడు గదిలోంచి బయటికి రావడం లేదు. మా మరిది మాత్రం, ఆ పుస్తకం బజారులో దొరుకుతుంది, అంకెలు బట్టీ పట్టించి ఇంకో సర్టిఫికెట్టు తెచ్చుకోవచ్చు అంటున్నాడు. దీనికి వైద్యం ఉందా? దరఖాస్తు పెట్టమంటారా, మానమంటారా? మా చిన్నమ్మాయికి కూడా ఇది వస్తుందా? గడువు దగ్గర పడుతోంది."

గడువు దగ్గర పడుతోందన్నారు కనుక ముందు జవాబు చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. అమ్మా, దరఖాస్తు పెట్టించండి. బట్టీ మాత్రం పట్టించకండి.

ఇక కారణాలు. మన కంటి వెనుక పొరలో రంగులు గుర్తించే కణాలు మూడు రకాలు ఉంటాయి. ఒకటి ఎరుపు వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు, ఒకటి నీలం వైపు ఎక్కువగా స్పందిస్తాయి. ఈ మూడింటి లెక్కలు కలిపి మెదడు మనకు ఇన్ని వేల రంగులు చూపిస్తుంది. కొందరికి పుట్టుకతోనే వీటిలో ఒక రకం లేకపోవచ్చు, లేదా ఉన్నా తేడాగా పని చేయవచ్చు. సాధారణంగా దెబ్బ తినేది ఎరుపు, ఆకుపచ్చల విషయమే. అంతే తప్ప వీళ్లకు లోకం నలుపు తెలుపుల్లో కనబడదు. నీలం, పసుపు చక్కగానే తెలుస్తాయి. చూపు చురుకుగానే ఉంటుంది. అందుకే "గుడ్డితనం" అనే మాట నాకు నచ్చదు. ఇంట్లో ఆ మాట వాడడం మానేయండి. దేశాన్ని, జాతిని బట్టి మగవారిలో నూటికి నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఈ తేడా ఉంటుంది. ఆడవారిలో రెండు వందల మందికి ఒకరు ఉంటే ఎక్కువ.

"పద్ధెనిమిదేళ్లు వచ్చేదాకా మాకు తెలియకపోవడం ఏమిటి?" అని మీకు అనిపించవచ్చు. తెలియదు. ఆ పిల్లవాడికే తెలియదు. పుట్టినప్పటి నుంచీ వాడు చూస్తున్న ఎరుపు వాడికి ఎరుపే. టమాటా పండిందో లేదో చేత్తో నొక్కి చూస్తాడు. సిగ్నల్ దగ్గర పై దీపం వెలిగితే ఆగుతాడు, కింది దీపం వెలిగితే కదులుతాడు. ఆకాశం నీలం, ఆకు పచ్చ అని బడిలో చెప్పారు కనుక అడిగితే అలాగే చెబుతాడు. ఎక్కడ దొరికిపోతాడంటే, చెట్టు బొమ్మకు మాను ఆకుపచ్చగా, ఆకులు గోధుమరంగుగా పూసినప్పుడు. లేదా అమ్మ పచ్చిమిరపకాయలు ఏరి పెట్టమంటే పండుమిరపకాయలు కూడా కలిపేసినప్పుడు. అప్పుడు మనం వాడికి శ్రద్ధ లేదని ఒక మొట్టికాయ వేసి ఊరుకుంటాం.

చదువుకున్నవారికీ ఇది ఆలస్యంగానే తెలుస్తుంది. జాన్ డాల్టన్ పేరు మీ అబ్బాయి కెమిస్ట్రీలో చదివే ఉంటాడు. పరమాణు సిద్ధాంతం చెప్పిన ఆ మహానుభావుడికి ఈ తేడా ఉండేది. ఇరవై ఆరేళ్లు దాటాక గాని ఆయన దాన్ని గమనించలేదు. 1794లో దాని గురించి మాంచెస్టర్‌లో ఒక వ్యాసం చదివాడు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఉంటుందని, తాను పోయాక కన్ను కోసి చూడమని చెప్పాడు. 1844లో ఆయన పోయాక చూస్తే ద్రవం మామూలుగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటి ముక్కను 1995లో జన్యు పరీక్ష చేస్తే, ఆకుపచ్చ వైపు కణాలకు కావలసిన జన్యువు ఆయనకు లేదని తేలింది. నూట యాభై ఏళ్ల తరువాత వచ్చిన రిపోర్టన్నమాట! మన ఆసుపత్రుల్లో రిపోర్టులు ఆలస్యమవుతాయని విసుక్కునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

సినిమా చదువుకు దీనివల్ల అడ్డు ఎంత అన్నది అసలు ప్రశ్న. తెలుగులో పూర్తి రంగుల చిత్రం "లవకుశ" 1963లో వచ్చింది. అంతకు ముందయితే ఈ ఉత్తరం రాయవలసిన అవసరమే ఉండేది కాదేమో. ఇప్పుడు రంగు లేకుండా సినిమా లేదు. కాని సినిమా అంటే రంగు ఒక్కటే కాదు. ఫ్రేము కట్టడం, వెలుగునీడలు, కథ, కత్తిరింపు, ధ్వని, వీటిలో దేనికీ ఆ చుక్కల పుస్తకంతో పని లేదు. డెన్మార్క్ దర్శకుడు నికోలస్ వైండింగ్ రెఫ్న్ తనకు మధ్యరంగులు సరిగా కనబడవని, అందుకే తన సినిమాల్లో రంగులు అంత కొట్టొచ్చినట్టు పెడతానని బహిరంగంగానే చెబుతూ ఉంటాడు.

ఈ విషయం సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ కోర్సుకు 2015లో ఎంపికైన పాట్నా యువకుడిని, వైద్యపరీక్షలో రంగుల తేడా తెలియలేదని చేర్చుకోలేదు. అది డిగ్రీ తరువాతి కోర్సు అనుకోండి. అతను హైకోర్టులో ఓడిపోయి పై కోర్టుకు వెళ్లాడు. కోర్టు ఒక కమిటీ వేసింది. అందులో సినిమా పని చేసేవాళ్లే ఎక్కువ మంది. మన ఎడిటర్ అక్కినేని శ్రీకర్ ప్రసాద్ గారు కూడా ఉన్నారు. ఇటువంటి విద్యార్థులను అన్ని కోర్సులకూ రానివ్వాలని, లోటు ఉన్నచోట సహాయం తీసుకుని పని చేయవచ్చని, రేపు ఉద్యోగం దొరుకుతుందా లేదా అని ఇప్పుడే తేల్చడం విద్యాసంస్థ పని కాదని కమిటీ అభిప్రాయపడింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు తీర్పు ఆ యువకుడి వైపే వచ్చింది. డాక్టరు చదువు విషయంలోనూ అంతే. త్రిపురలో ఇదే కారణంగా ఎం.బి.బి.ఎస్. సీటు దక్కని విద్యార్థులకు అనుకూలంగా 2017లో అదే కోర్టు చెప్పింది. కొద్దిపాటి, మధ్యరకం తేడా ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వవచ్చని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. రైలు నడపడం, విమానం నడపడం వేరు. అక్కడ దీపం రంగు తప్పు చదివితే ప్రాణాలు పోతాయి. ఆ ఆశ ఉన్న పిల్లలయితే ముందే మనసు మళ్లించుకోవాలి.

మీకు దగ్గరలోనే, అన్నపూర్ణ స్టూడియో ఆవరణలో 2011లో మొదలైన సినిమా కాలేజీ ఉంది. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ, యానిమేషన్ వంటి డిగ్రీలున్నాయి. వాటికి ప్రవేశపరీక్ష రాయాలి. బొమ్మ వేయించే పేపరు కూడా ఉంటుంది. ఎక్కడ పెట్టినా ప్రాస్పెక్టస్‌లో వైద్యపరీక్ష గురించిన పేరా చదవండి. ఆ పేరా చాలామంది చదవరు; ఫీజు పేరా చదివి మూసేస్తారు. రంగుల చూపు గురించి ఏమైనా ఉంటే, కాలేజీకి ఒక ఉత్తరం రాసి, జవాబు కూడా రాతలోనే అడగండి. కౌంటర్‌లో గుమాస్తా నోటిమాట మీద దరఖాస్తు మానుకోవద్దు.

ఇక మీ మరిది గారి సలహా. ఆ పుస్తకం ఇషిహారా అనే జపాన్ డాక్టరు 1917లో తయారు చేసింది. మొదటి పుటలోని 12 ఎవరికైనా కనబడుతుంది. తరువాతి పుటల్లో కొన్ని మామూలు కంటికి ఒక అంకె, తేడా ఉన్న కంటికి వేరే అంకె చూపిస్తాయి. కొన్నిటిలో తేడా ఉన్నవాళ్లకే అంకె కనబడుతుంది! తెలిసిన డాక్టరు పుటలు వరుస మార్చి చూపిస్తాడు, ఒక్కొక్కదానికి మూడు నాలుగు సెకన్లకు మించి ఇవ్వడు. కనుక బట్టీ పట్టినవాడు ఇట్టే దొరికిపోతాడు. దొరక్కపోయినా లాభం ఏమిటి? ఆ సర్టిఫికెట్టుతో చేరిన పిల్లవాడు మూడేళ్లూ తోటివాళ్ల దగ్గర, మాస్టర్ల దగ్గర దాచుకుంటూ బతకాలి. చెప్పి చేరినవాడు పక్కవాడిని "ఈ గోడ ఏం రంగురా?" అని నిర్భయంగా అడుగుతాడు. "నార్మల్" అని రాసిమ్మని నా దగ్గరికి కూడా వస్తూ ఉంటారు. నేను రాయను.

అయితే శిబిరంలో చేసిన పరీక్షనే ఆఖరి మాట అనుకోనక్కరలేదు. ఆ పుస్తకాన్ని పగటి వెలుగులో, రెండున్నర అడుగుల దూరంలో పట్టుకుని చూపించాలి. షామియానా కింద, పసుపుపచ్చ బల్బు వెలుగులో చూపిస్తే లెక్క తప్పవచ్చు. పుటలు వెలిసిపోయినా తప్పవచ్చు. సెల్‌ఫోన్‌లో చూసుకునే పరీక్ష మీద అసలు ఆధారపడకండి. షేక్‌పేట మీదుగా వెళితే మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్ రోడ్డు నంబరు 2లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. "మిస్సమ్మ" తీసిన ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన స్థలంతో, కోటి రూపాయల విరాళంతో 1987లో వెలిసిన సంస్థ అది. సినిమావాళ్ల పిల్లవాడి కన్నుకు అంతకన్నా తగిన చోటు ఏముంది? తేడా ఏ రకం, ఎంత అన్నది అక్కడ తెలుస్తుంది. రంగు బిళ్లలను వరుసగా పేర్పించే పరీక్ష కూడా చేస్తారు. కొద్దిపాటి తేడా అయితే నిత్యజీవితంలో అడ్డే రాదు.

వైద్యం ఉందా అన్నారు. పుట్టుకతో వచ్చినదానికి ఇంతవరకూ లేదు. చుక్కలమందులు, క్యారెట్లు, కంటి వ్యాయామాలు దీనికి పని చేయవు. రంగు అద్దాలు కొన్ని అమ్ముతున్నారు. అవి కొందరికి కొన్ని రంగుల మధ్య తేడా కాస్త పెంచి చూపిస్తాయి. అంతే గాని మామూలు చూపు ఇవ్వవు. ధర మాత్రం బాగా ఇస్తారు. 2009లో అమెరికాలో ఇటువంటి తేడా ఉన్న కోతుల కళ్లలోకి జన్యువు ఎక్కిస్తే వాటికి కొత్త రంగులు తెలిశాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడాకు మనుషులకు ఆ వైద్యం ఇంకా అందలేదు. ఈ లోపల కోర్సుకు గడువు దాటనివ్వకండి.

ఒక హెచ్చరిక. ఇదివరకు బాగా తెలిసిన రంగులు ఈమధ్య వెలిసినట్టు కనబడినా, ఒక కంటికే తేడా వచ్చినా అది పుట్టుకతో వచ్చినది కాదు. క్షయకు వాడే ఇథాంబ్యుటాల్ మాత్రలతో అలా రావచ్చు, కంటి నరం వాపుతో రావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపకుండా, అవి ఇచ్చిన డాక్టరుకు అదేరోజు చెప్పండి.

మీవారికి నా మాటగా ఒకటి చెప్పండి. లైట్ల ముందు వేసే రంగు కాగితాలకు నంబర్లుంటాయని ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఒక దీపం 3200, ఇంకొకటి 5600 అని అంకెల్లోనే మాట్లాడుకుంటారు గదా. ఎడిటింగ్ గదిలో రంగు ఎటు మొగ్గిందో గీతల్లో చూపించే యంత్రాలు కూడా ఉన్నాయి. కన్ను తప్పినచోట అంకె చెబుతుంది. ఆ అంకెలు కొడుక్కి నేర్పడానికి ఆయన కంటే తగిన గురువు లేడు. ఆఖరి రంగులు దిద్దే పని ఒక్కటి పిల్లవాడికి కష్టం. అది చేసేవాళ్లు వేరే ఉంటారు. వాడు గదిలోంచి రావడం లేదన్నారు. అన్నం, నిద్ర తగ్గినా, బతికేం లాభం వంటి మాట ఒక్కటి నోట వచ్చినా వాడిని ఒంటరిగా వదలకండి. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహాదారులు ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

చివరికి మీ చిన్నమ్మాయి సంగతి. మేనమామ పోలిక అని మనం ముక్కూ మొహం గురించి అంటాం గాని, ఈ తేడా నిజంగానే అటునుంచి వస్తుంది. తల్లి కళ్లు బాగానే ఉంటాయి, జన్యువు మాత్రం ఆమె ద్వారా కొడుక్కి చేరుతుంది. మీ నాన్నగారికో, మీ అన్నదమ్ములకో ఉందేమో విచారించండి. ఇందులో మీ తప్పు ఏమీ లేదు, ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మీవారి రంగుల చూపు మామూలుగా ఉంటే మీ అమ్మాయికి ఈ తేడా రాదు. కాని జన్యువు ఆమెలో ఉండడానికి సగం అవకాశం ఉంది. రేపు మేనరికం మాట వస్తే, ఆ మేనమామకు ఈ తేడా ఉంటే, పుట్టే ఆడపిల్లలకు కూడా రావచ్చు. అందుకని మీ అన్నదమ్ములతో పాటు మీవారిని కూడా ఒకసారి ఆ పుస్తకం ముందు కూర్చోబెట్టండి.