ఇల్లాలికీ దస్తర్‌ఖాన్‌పై చోటుండాలి

ఒకే అంశానికి పరిమితమైన చిన్న వంటపుస్తకాలు గృహిణులకు ఎంతో ఉపకరిస్తాయి. అయితే ఇఫ్తార్ విందుకు అటువంటి పుస్తకాన్ని ఎంచుకునేవారికి మేము సూచించే కొలబద్ద ఒక్కటే: మగ్రిబ్ అజాన్ వేళకు, వండిన ఇల్లాలు కూడా అందరితోపాటు దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోగలగాలి. ఖర్జూరాలు, రాత్రే నానబెట్టిన శనగల గుగ్గిళ్లు, ముందుగానే కలిపి ఉంచిన షర్బత్, పండ్ల ముక్కలు చాలు. గంటల తరబడి ఉడికించి మెదపవలసిన హలీమ్‌ను సెలవు రోజుకు వాయిదా వేయవచ్చు.

మాంసపు పులుసు వండినప్పుడు నీరు కాస్త అధికంగా పోసి, పొరుగువారికీ పంపమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించారు. ఆతిథ్యానికి ఇంతకన్నా సులభమైన విధానమేముంది? వంటకాల సంఖ్య పెరిగి, ఇల్లాలి నమాజు, తిలావత్ తరిగిపోతే ఆ విందులో బర్కత్ ఎక్కడిది? సోదరులారా, ఆ చిన్న పుస్తకాన్ని మీరూ తెరవండి.