‘తిను’ అంటే తగ్గిపోయే జబ్బు కాదు

మా పిన్ని కూతురు ఇంటర్ సెకండియర్‌లో ఉండగా తిండి బాగా తగ్గించేసింది. ఆ సంక్రాంతికి అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు తను కంచంలో మెతుకులు కెలుకుతూ ఉంటే, "ఎందుకే ఈ వేషాలు? నాలుగు ముద్దలు తింటే ఏం పోతుంది?" అనేశాను. తనేం మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. పెద్దవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, "తల్లి గారాబమే ఇదంతా" అన్నారు. పిన్ని వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

చాలా నెలల తర్వాత సైకియాట్రిస్టు దానికో పేరు చెప్పారు. అనొరెక్సియా నెర్వోసా.

ఏదైనా కోడ్ ఎందుకలా ఉందో అర్థం కాకపోతే, మేం ముందు దాని కమిట్ హిస్టరీ చూస్తాం. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అందులో ఉంటుంది. అదే అలవాటుతో ఈ జబ్బు మీద రీసెర్చ్ పేపర్లు వెతికాను. ఒక పేరు మళ్లీ మళ్లీ కనిపించింది. సింథియా బ్యూలిక్. అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ ప్రొఫెసర్. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లోనూ పనిచేశారు. ఆమె పేపర్లను తేదీల వరుసలో చదివితే ఒక కథలా ఉంటుంది.

2006లో ఆమె బృందం స్వీడన్ కవలల రిజిస్ట్రీలోని 31,406 మందిని పరిశీలించింది. అచ్చుగుద్దినట్టుండే కవలల జన్యువులు దాదాపు ఒకటే. మామూలు కవలలవి సగమే కలుస్తాయి. ఈ రెండు రకాల జంటల్లో జబ్బు ఎలా కనిపిస్తోందో పోల్చి లెక్కేస్తే, ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్న తేడాలో జన్యువుల వాటా 56 శాతం దాకా ఉందని తేలింది.

మరి ఏ జన్యువులు? అంతర్జాతీయ బృందంతో కలిసి వెతకడం మొదలుపెట్టారు. 2014 పేపర్‌లో 2,907 మంది పేషెంట్ల డీఎన్ఏ చూశారు. గట్టిగా చెప్పగలిగింది ఒక్కటీ దొరకలేదు. ఆ సున్నానీ దాచకుండా ప్రచురించారు! 2017లో 3,495 మందితో చూస్తే, 12వ క్రోమోజోమ్ మీద ఒక్క చోటు దొరికింది. 2019లో ‘నేచర్ జెనెటిక్స్’ పేపర్‌కి 16,992 మంది పేషెంట్లు, పోల్చడానికి 55,525 మంది. ఈసారి ఎనిమిది చోట్లు! ఒక్కో జన్యువు ప్రభావం చాలా చిన్నది కాబట్టి, అంతమంది ఉంటే తప్ప కనపడదు. మా భాషలో చెప్పాలంటే, 2014లో బగ్ లేక కాదు, లాగ్స్ చాలక దొరకలేదు.

నన్ను ఆపేసింది ఆ ఎనిమిది కాదు. ఈ జన్యువులు కొంతవరకు ఓసీడీ, ఆందోళన, డిప్రెషన్‌లతో కలుస్తున్నాయి. అది ఊహించేదే. కానీ శరీరం కొవ్వునీ చక్కెరనీ వాడుకునే తీరుతో కూడా కలుస్తున్నాయి. అందుకే మెదడుతో పాటు మెటబాలిజాన్ని కూడా చూడాలని ఆ పేపర్ అంటుంది. మనం పస్తులుంటే ఒళ్లే ‘అన్నం, అన్నం’ అని గోల పెడుతుంది. వీళ్లలో ఆ గోల సరిగా పనిచేయకపోయి ఉండొచ్చు.

జన్యువులుంటే జబ్బు ఖాయమని కాదు. ఇంకోటి, 2019 స్టడీలో ఉన్నవాళ్లంతా యూరోపియన్ మూలాలవాళ్లే. మన డేటా అందులో లేదు. మనవాళ్ల గురించి రాయాల్సిన పేపర్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

మొన్న పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. జన్యువులూ, క్రోమోజోములూ ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది: "అయితే నా పెంపకం వల్ల కాదంటావా?"

"కాదు పిన్నీ."

కాసేపు అటునుంచి మాట లేదు.

తర్వాత చెల్లికి సారీ చెప్పాను. ఇప్పుడు చాలావరకు కోలుకుంది. "తినాలనే ఉండేదక్కా. చెయ్యి నోటిదాకా వచ్చేది కాదు" అంది.

మీ ఇంట్లో, హాస్టల్లో అలా కంచం ముందు ఆగిపోయేవాళ్లు ఉంటే, నేనన్న మాట అనకండి. పక్కన కూర్చుని, "ఎలా ఉంది నీకు?" అని అడగండి. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలీ మానస్ ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.