విప్పని కట్ట

పాత పుస్తకాలు కొనేవారిలో రెండు తెగలున్నాయి. ఒక్కొక్క పుస్తకాన్నీ తిరగేసి, బేరమాడి కొనేవారిది మొదటి తెగ. విజయవాడ లెనిన్ సెంటరు, హైదరాబాదులో కోఠీ, ఆబిడ్స్ కాలిబాటలు వీరికి పుణ్యక్షేత్రాలు. (పుస్తకాల ఏలూరు రోడ్డు విజయవాడలో ఉంది, ఏలూరులో లేదు. ఇది మా ఊరివాళ్ళ పాత దిగులు!) రెండవ తెగవారు పాతపేపర్ల కొట్టుకు వెళ్ళి, పురికొసతో బిగించిన కట్టను విప్పకుండానే తూకానికి కొంటారు. నేను నిస్సందేహంగా రెండవ తెగవాణ్ణి.

అందులో కొంత జూదముంది. పైన కనబడేది చందమామ, అడుగున కనబడేది పంచాంగం. నడుమ ఏమున్నదో కొట్టువానికీ తెలియదు. అన్నీ పదో తరగతి గైడ్లే కావచ్చు. ఎమెస్కో పాకెట్ నవల కావచ్చు. వారపత్రికలోంచి వారం వారం చింపి దాచి, కాలికో బైండు చేయించుకున్న సీరియల్ కావచ్చు, అదీ ఆఖరి రెండు భాగాలూ లేకుండా!

జపానులో కొత్త సంవత్సరానికి దుకాణాలవారు 'ఫుకుబుకురో' అని మూతి కట్టిన సంచులు అమ్ముతారు. లోపలి సరుకేమిటో కొన్నాకే తెలుస్తుంది. కాని ఆ సంచిని కూర్చేది వర్తకుడు. మన కట్టను కూర్చినది ఒక ఇల్లు. పెద్దాయన పోయాకనో, పిల్లలు అమెరికాలో స్థిరపడి ఇల్లు అమ్మకానికి పెట్టాకనో అటక దిగిన నలభయ్యేళ్ళ చదువు అది. తాడేపల్లిగూడెం నుండి వచ్చిన ఒక కట్టలో ఉల్లిపాయల లెక్కలు రాసిన చిట్టా, హోమియో వైద్యగ్రంథం, మూడు యద్దనపూడి నవలలు, ఒక నవలలో శుభలేఖ ఉన్నాయి. హోమియో పుస్తకంలో పెన్సిలు గీతలన్నీ ఉబ్బసం దగ్గరే. ఊపిరాడని రాత్రులు ఆ ఇంట్లో ఎవరివో! నవలలు చదివిన ఆవిడే ఆ గీతలు గీసిందని నా ఊహ. విడివిడిగా అమ్మితే ఆ పుస్తకాలకు ఈ కథ లేదు.

కైకలూరు, ఆకివీడు వైపు కట్టలను చేత్తోనే గుర్తుపట్టవచ్చు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలో పడి, ఉప్పుటేరు ఆ నీటిని త్వరగా సముద్రానికి చేర్చలేనప్పుడు లంక గ్రామాలు మునుగుతాయి. పుటల అంచున గోధుమరంగు చార, పిన్నులకు తుప్పు ఆ వరదలు వదిలిన గుర్తులు.

ఇప్పుడు కొట్లవారు ఫోనులో ధరలు చూసి, పాత చందమామలనూ తొలి ముద్రణలనూ ఏరి పక్కన పెడుతున్నారు. అరుదైనవి అలాగైనా బతుకుతాయని మిత్రులంటారు. నిజమే. 1947లో పుట్టిన చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది, ఆ సంచికలు దక్కవలసిందే. మరి హోమియో పుస్తకం మాటేమిటి? దానికి ధర లేదు గనుక పకోడీల పొట్లమైపోతుంది. కట్టను కట్టగా కొన్నవాడొక్కడే దానిని ఇంటికి తెచ్చి, ఒక్కసారైనా తెరుస్తాడు.

అన్నీ దాచుకోవడానికి మా ఇంట్లో చోటు లేదు. సగం గ్రంథాలయానికీ, తెలిసిన పిల్లలకూ పోతాయి. శుభలేఖను మాత్రం ఆ నవలలోనే, అదే పుటలో ఉంచాను.