ఏం కొన్నావు? వంటెవరు చేశారు?

మగవాళ్ళు స్నేహితులతో కలిసి ఓ రెండ్రోజులు ఏ ఊరైనా వెళ్ళొస్తే ఇంట్లోవాళ్ళు "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడుగుతారు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, కాఫీ చేతికిస్తారు. అదే ఆడవాళ్ళు వెళ్ళొస్తే గుమ్మంలోనే రెండు ప్రశ్నలు ఎదురొస్తాయి. "ఏం కొన్నావు?" అన్నది ఒకటి. "ఈ రెండ్రోజులూ పిల్లలకి వంటెవరు చేశారు?" అన్నది రెండోది. మొదటి దాంట్లో వేళాకోళం ఉంటుంది. రెండో దాంట్లో నేరం మోపడం ఉంటుంది.

దేశం దాటి వెళ్ళినా ఈ ప్రశ్నలు మాత్రం మనల్ని వదిలిపెట్టవు. మా చిన్నాన్నగారి అమ్మాయి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కాపురం ఉంటోంది. ఈమధ్య తనూ, అక్కడే ఉన్న మరో ముగ్గురు తెలుగు స్నేహితురాళ్ళూ శని, ఆదివారాలు కలిసొచ్చేలా చూసుకుని ఇటలీలోని మిలాన్ వెళ్ళొచ్చారు. రైల్లో మూడుంబావు గంటల ప్రయాణం. దారిలో ఆల్ప్స్ కొండల కింద 57 కిలోమీటర్ల సొరంగం. 2016లో మొదలైన ఈ సొరంగమే ప్రపంచంలోకెల్లా పొడవైన రైలు సొరంగమట. వాళ్ళ లెక్కలో ఇది మనం పక్క జిల్లాకి వెళ్ళొచ్చినట్టు. అయినా సోమవారం పొద్దున్నకల్లా అందరికీ ఇక్కణ్ణించి ఫోన్లు వెళ్ళాయి. అవే రెండు ప్రశ్నలు!

ముందు మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. మిలాన్ అంటేనే సోకులకి పుట్టిల్లు. అక్కడి మోంటెనాపోలియోనె వీధిలో దుకాణాల అద్దెలు ప్రపంచంలో మరే వీధిలోనూ లేనంత ఎక్కువని 2024లో ఒక సంస్థ లెక్కగట్టింది. అద్దే అంతయితే లోపలున్న చేతిసంచీ ధర ఎంతో మనం ఊహించుకోవచ్చు. అలాగని ఆ వీధిలో నడవడానికి ఎవరూ టిక్కెట్టు అడగరు. ఈ నలుగురూ అద్దాల్లోంచి అన్నీ చూశారు. నచ్చినవాటికి పేర్లు పెట్టి, నచ్చనివాటికి వంకలు పెట్టి, నవ్వుకుంటూ బయటపడ్డారు. రోడ్డు పక్కన పెద్ద కంపెనీల పేర్లతో అమ్మే నకిలీ సంచుల జోలికి మాత్రం పోలేదు. ఇటలీలో నకిలీ సరుకు అమ్మినవాళ్ళకే కాదు, కొన్నవాళ్ళకీ 7,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. ఎవరైనా వెళితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఊరి నడిబొడ్డున గాజు కప్పు కింద 1877లో పూర్తయిన పెద్ద అంగడి వీధి ఉంది. గలేరియా అంటారు. ప్రాదా అనే పేరుమోసిన దుకాణం 1913లో అక్కడే మొదలైంది. పెట్టినాయనకి వ్యాపారంలోకి ఆడవాళ్ళు రావడం ఇష్టం లేదని చెబుతారు. ఆయన తర్వాత ఆ దుకాణాన్ని నడిపింది ఆయన కూతురు. ఆమె తర్వాత దాన్ని ప్రపంచమంతా తెలిసేలా చేసింది మనవరాలు. ఆ మనవరాలు రాజనీతి శాస్త్రంలో డాక్టరేటు చేసి, స్త్రీల హక్కుల ఉద్యమంలో తిరిగిన మనిషి. ఈ కథ వినడానికి సంచీ కొనాల్సిన పనేముంది?

ఆ పక్కనే డ్యూమో అనే చర్చి. 1386లో మొదలుపెట్టి కొన్ని వందల ఏళ్ళపాటు కడుతూనే ఉన్నారు. మెట్లెక్కి దాని కప్పు మీద తిరగొచ్చు. శిఖరం చివర బంగారు పూతతో మేరీమాత విగ్రహం ఉంది. ఊళ్ళో ఏ కట్టడమూ ఆ తల్లిని మించి పైకి లేవకూడదని అక్కడివాళ్ళ ఆనవాయితీ. ఆఖరికి ఒక కంపెనీవాళ్ళు అంతకన్నా ఎత్తు భవనం కట్టినప్పుడు, దాని నెత్తిన కూడా అలాంటి చిన్న విగ్రహాన్నే పెట్టి మాట దక్కించుకున్నారు.

ఇంత సోకైన ఊళ్ళో చాకిరేవు కూడా ఉందంటే మీరు నమ్ముతారా? కాలవ గట్టున, పెంకుల కప్పు కింద వరసగా రాతి పలకలు. ఆ సందు పేరుకి అర్థమే బట్టలుతికేవాళ్ళ సందు. 1950ల దాకా ఆడవాళ్ళు అక్కడ మోకాళ్ళ మీద వంగి, చన్నీళ్ళలో ఊరివాళ్ళ బట్టలు ఉతికారు. రాత్రి భోజనంలో ఈ నలుగురూ అక్కడి ప్రసిద్ధమైన కుంకుమపువ్వు అన్నం తిన్నారు. మన పులిహోర రంగే గానీ రుచి వేరు, వెన్నా జున్నూ వేసి వండుతారు. ఆ చుట్టుపక్కల నేలంతా వరి మాగాణే. ఒకప్పుడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నడుం వంచి అక్కడ కలుపు తీసింది ఆడకూలీలు. 20వ శతాబ్దం మొదట్లో సమ్మెలు చేసి మరీ ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు వాళ్ళు. గోదావరి జిల్లాలో పుట్టిన మా చెల్లెలికి ఆ కంచం ముందు మా ఊరి నాట్ల కూలీలు గుర్తొచ్చారట. సోకు అనేది ఎవరి నడుం మీద నిలబడుతుందో తెలుసుకుని రావడం కొనుగోలుకన్నా తక్కువా?

ఇక రెండో ప్రశ్న. దానికి జవాబు కూడా మిలాన్‌లోనే దొరికింది. లియొనార్డో డావిన్సీ 1495 - 98 మధ్య వేసిన 'ఆఖరి విందు' అక్కడ ఒక మఠం భోజనశాల గోడ మీద ఉంది. 1943లో బాంబులు పడి ఆ గది కప్పు కూలిపోయినా, ఇసుక బస్తాలు పేర్చి కాపాడుకున్న ఆ గోడ నిలిచింది. ముందే టిక్కెట్టు తీసుకోవాలి. కొద్దిమందిని లోపలికి పంపి, పావుగంట కాగానే బయటికి పంపేస్తారు. క్రీస్తూ, ఆయన పన్నెండుమంది శిష్యులూ బల్ల ముందు కూర్చున్న ఆ చిత్రాన్ని చూస్తూ ఒకామె, "ఇక్కడ వంటెవరు చేశారని ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగారంటావా?" అని గొణిగిందట. మిగతా ముగ్గురికీ నవ్వాపుకోవడం కష్టమైంది. బయటికొచ్చాక ఆమే అన్న మాట మాత్రం నవ్వుకునేది కాదు. "పెళ్ళయిన పదకొండేళ్ళకి పావుగంటసేపు ఎవరూ నన్ను పిలవకుండా ఒకచోట నిలబడి ఒక బొమ్మని చూశాను" అందిట.

ఈ మాట చదివి మీలో ఎంతమంది తల ఊపుతున్నారో నాకు తెలుసు. "కుటుంబంతో తిరుగుతూనే ఉన్నాంగా, ఇంకా వేరే ఎందుకు?" అనేవాళ్ళూ ఉంటారు. కుటుంబంతో వెళ్ళినప్పుడు మనం చేసేదేమిటి? తెల్లవారుజామున లేచి పులిహోర కలుపుతాం. మందులు, మంచినీళ్ళు, తడి తువ్వాళ్ళు మోస్తాం. గుళ్ళో దణ్ణం పెట్టుకుంటూ కూడా ఒక కన్ను చెప్పుల మీదా, ఇంకో కన్ను పిల్లవాడి మీదా ఉంచుతాం. ఇల్లే చక్రాలేసుకుని మనతో వస్తుంది. అదీ సంతోషమే, కాదనను. కానీ అది విశ్రాంతి మాత్రం కాదు.

పెళ్ళయితే మగవాడి స్నేహాలు అలాగే ఉంటాయి, ఆడపిల్ల స్నేహాలు పుట్టింట్లో పాత పుస్తకాల్లా అటకెక్కుతాయి. పరాయి దేశంలో కాపురం పెట్టిన పిల్లలకి ఈ లోటు మరీ ఎక్కువ. ఒంట్లో బాగాలేకపోతే చారు పెట్టిచ్చే తల్లి దగ్గర ఉండదు. గోడ మీదుగా పలకరించే పక్కింటి పిన్నిగారూ ఉండరు. అక్కడ స్నేహితురాలే పుట్టిల్లు. ఆ పుట్టింటికి ఏడాదికో రెండ్రోజులు వెళ్ళొస్తానంటే తప్పేముంది?

ఆ రెండ్రోజులూ ఇంట్లో భర్తలే వంట చేశారు. ఒకాయన పప్పు మాడ్చాడు, ఇంకొకాయన రెండ్రోజులూ బంగాళాదుంపల వేపుడే పెట్టాడు. పిల్లలెవరూ చిక్కిపోలేదు. నాన్నతో గడిపిన శని, ఆదివారాల గురించి వాళ్ళూ కథలు కథలుగా చెప్పుకున్నారు.

ఇలాంటి ప్రయాణాల్లో స్నేహాలు చెడేది దూరాల వల్లా, అలసట వల్లా కాదు, డబ్బు దగ్గరే. నలుగురి సంపాదనా ఒక్కలా ఉండదు. పైగా వీళ్ళలో ఇద్దరికి ఉద్యోగం లేదు. అందుకని అందరికీ వీలైనంతే సమానంగా వేసుకుని, ఆ డబ్బు ఒకే సంచీలో పెట్టి, అందులోంచే ఖర్చు పెట్టారు. "ఫర్వాలేదు, నేనిస్తాలే" అనే మాట ఎవరూ అనకూడదని ముందే కట్టడి. కాఫీ కూడా నిలబడే తాగారు. అక్కడ కూర్చుని తాగితే చాలాచోట్ల ధర ఎక్కువ. చిన్న విషయమే గానీ, చేతిలో తక్కువ డబ్బున్న మనిషి తలవంచుకోకుండా తిరిగొచ్చింది.

మనకి మిలానే అక్కర్లేదు. అరకు ఉంది, హంపీ ఉంది, పక్క ఊళ్ళో డిగ్రీ రోజుల నాటి స్నేహితురాలి ఇల్లుంది. ఇంటి బడ్జెట్టులో పాలకీ, కరెంటుకీ రాసుకున్నట్టే దీనికీ నెలకింత అని రాసి పెట్టుకోండి. తేదీ ముందే చెప్పండి. బియ్యం డబ్బా ఎక్కడుందో, కుక్కరు ఎన్ని కూతలకి దించాలో ఇంట్లోవాళ్ళకి నేర్పండి. అత్తగార్లకీ ఒక మనవి. కోడలు తిరిగొచ్చిన రోజున ఆ రెండు ప్రశ్నలూ పక్కన పెట్టి, "ఏం చూశావమ్మా?" అని అడిగి చూడండి. ఆ తర్వాత వచ్చేసారి మీరూ మీ స్నేహితురాళ్ళతో బయల్దేరండి. ఆ రెండ్రోజులూ ఇల్లు కోడలూ, కొడుకూ చూసుకుంటారు.