ఏఈవో చేతిల ట్యాబు, రైతు చేతిల మందు డబ్బ

పత్తి చేనుకు పురుగు తగిలితే మన రైతు ఎవరిని అడుగుతున్నడు? ఫర్టిలైజర్ షాపు సేటును. మందిచ్చేది ఆయనే, ఉద్దెర పెట్టేది ఆయనే, చాలా ఊళ్లల్ల పంట కొనేదీ ఆయనే. బీజీ-2 పత్తికి రానే రాదన్న గులాబీ పురుగు 2017లో మన కాయలను తొలిచినప్పుడు కూడా రైతు ఉరికింది ఆ దుకాణానికే.

మరి సర్కారు కొలువుల్లో ఉన్న వ్యవసాయ చదువుల పిల్లలు ఏం చేస్తున్నరు? తిట్టే ముందు వాళ్ల పని చూడాలె. తెలంగాణ వచ్చినంక ఐదువేల ఎకరాలకో ఏఈవో అన్నరు, కొలువులు నింపిన్రు. కాదనలేం. 2,601 రైతు వేదికలు కూడా కట్టిన్రు. కానీ ఏఈవో పొద్దున లేస్తే రైతుబీమా కాగితాలు, పంట నమోదు, పైనుంచి అడిగే లెక్కలు. డిజిటల్ క్రాప్ సర్వే భారం మా ఒక్కళ్ల మీదనే మోపొద్దని 2024లో వాళ్లు ఆందోళనకు దిగితే సస్పెన్షన్ ఉత్తర్వులు చేతిల పెట్టిన్రు. మడిమడికీ తిరిగి ఫొటో కొట్టే మనిషికి ఆకు తిప్పి పురుగును చూసే తీరిక ఎక్కడిది?

పరిశోధన గోస ఇంకో తీరు. రాజేంద్రనగర్‌లో 1964లో పెట్టిన యూనివర్సిటీ ఉమ్మడి రాష్ట్రమంతటికీ ఒక్కటే. 2014లో మన యూనివర్సిటీ మనకైంది, జయశంకర్ సారు పేరు పెట్టుకున్నం. పాలెం, జగిత్యాల, వరంగల్, రుద్రూర్ పరిశోధన కేంద్రాలు మన చేతికొచ్చినయి. ఇయ్యాల మనం ఇష్టంగ తినే తెలంగాణ సోన, అదే ఆర్ఎన్ఆర్ 15048, రాజేంద్రనగర్ శాస్త్రవేత్తల చలవే. ఒక్క వరి వంగడం తయారుకావాలంటే పదేండ్లు పట్టొచ్చు. రిటైరైన శాస్త్రవేత్త కుర్చీని ఖాళీగ ఉంచితే ఆ పని మధ్యలనే ఆగుతది. ప్రాజెక్టు జీతం మీద తెచ్చుకున్న పిలగాడు ప్రాజెక్టు అయిపోంగనే మూట సర్దుకుంటడు, చూసిన మొక్కల లెక్క ఆయనతోనే పోతది.

మన పిల్లలేమో ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు చేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూసుడు. ఢిల్లీ పెట్టే ఏఆర్ఎస్ పరీక్షకు వయసు దాటిపోతది. కొందరు ఐబీపీఎస్ రాసి బ్యాంకుల వ్యవసాయ అప్పుల సీట్ల కూసున్నరు. 2011 సకల జనుల సమ్మెల నా పక్కన జెండా పట్టిన దోస్తు ఒకడు వ్యవసాయ డిగ్రీ చేసిండు. ఇప్పుడు ఒక పురుగుమందుల కంపెనీ బండి మీద షాపులెంబడి తిరుగుతున్నడు, నెలనెలా టార్గెట్. చేన్ల ఏం కొట్టొద్దో వానికి మస్తు తెలుసు. అది చెప్తే జీతం రాదు.

నియామకాలంటే సచివాలయం ఫైళ్ల దగ్గర కొలువులేనా? యూనివర్సిటీల ఎవరు ఏ నెలల రిటైరవుతరో ముందే తెలుసు కదా, ఏటేటా ఆ పోస్టులకు నోటిఫికేషన్ ఇయ్యడానికి అడ్డమేంది? పాత జిల్లాల లెక్కన పెట్టిన ఏరువాక కేంద్రాలను ముప్పైమూడు జిల్లాలకూ పెంచాలె, వాటిల శాస్త్రవేత్తలను నింపాలె. సర్వేలకు వేరే మనుషులను పెట్టి, వానకాలం విత్తనం పడకముందే ఏఈవోలను చేన్లకు తోలాలె.