సెలవులన్నీ ఊరికేనా?

విదేశాల్లో కాపురం చేసే ఆడవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి, ఏడాదికోసారి తప్పకుండా వచ్చే పేచీ ఒకటి ఉంటుంది. ఆయన ఆఫీసు ఇచ్చే సెలవులు 18 రోజులో 20 రోజులో. వాటిని ఊరికి వెళ్ళడానికి పెట్టాలా, పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా తిరగడానికి పెట్టాలా? అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ గొడవ కాస్త తక్కువే. అంత దూరం, అంత ఖర్చు కాబట్టి రెండు మూడేళ్ళకోసారి వచ్చినా ఎవరూ ఏమీ అనరు. సింగపూర్‌లోనో, కౌలాలంపూర్‌లోనో, బ్యాంకాక్‌లోనో ఉన్నవాళ్ళకి ఆ వంక కూడా లేదు. "నాలుగున్నర గంటలేగా, విజయవాడ బస్సు కూడా అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది" అంటారు. ఏం చెప్తాం, నిజమే కదా!

మేం సింగపూర్‌లో 2008 నుంచి 2017 దాకా తొమ్మిదేళ్ళు ఉన్నాం. ఇప్పుడు ఇక్కడ దూలపల్లిలో, అత్తమ్మ వాళ్ళింట్లోనే ఉంటున్నాం. రెండు వైపులా నిలబడి చూశాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది: ఏడాది సెలవంతా ఊరికే పెట్టాలన్న పద్ధతి ఎవరికీ మంచి చెయ్యదు, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకి కూడా. ఒక ఏడాది ఊరు. మరుసటి ఏడాది ఊళ్ళోవాళ్ళనే రప్పించుకుని వాళ్ళతో కలిసి తిరగడం. ఈ మాట ఒకసారి బంధువుల పెళ్ళిలో అంటే ఓ పెద్దావిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ముందు పిల్లల సంగతి చూడండి. సింగపూర్ బళ్ళకి మే చివర్నుంచి జూన్ చివరి దాకా నాలుగు వారాలు, నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఆరు వారాలు సెలవులు. జనవరి మొదటి వారంలోనే కొత్త తరగతి. (అక్కడి ఇండియన్ సిలబస్ బళ్ళ లెక్క వేరు, మా పిల్లలు లోకల్ స్కూల్లో చదివారు.) ఇక్కడ తెలంగాణలో బళ్ళు తెరిచేది జూన్ 12న. బాబాయి పిల్లలతో రోజంతా ఆడుకోవచ్చని మావాళ్ళు ఉబలాటంగా దిగేసరికి ఆ పిల్లలు పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ ఉండేవాళ్ళు. బంగినపల్లి పండ్లు అయిపోవచ్చేవి. పోనీ డిసెంబరులో వద్దామంటే సంక్రాంతి ఇంకా రెండు వారాలు ఉందనగా పెట్టెలు సర్దుకోవాలి. తొమ్మిదేళ్ళలో మా పిల్లలు ఒక్క భోగిమంట చూడలేదు. బతుకమ్మ అయితే వీడియో కాల్‌లోనే. ఊరికి వస్తే పిల్లలకి మన పండగలు, మన పద్ధతులు తెలుస్తాయంటారు గానీ పండగ లేని రోజుల్లోనే వచ్చి పండగ లేని రోజుల్లోనే పోయేవాళ్ళకి ఏం తెలుస్తాయి?

ఇక ఆ 20 రోజుల్లో జరిగేదేమిటో మీకు నేను చెప్పాలా? బ్యాంకులో కేవైసీ. పంటి డాక్టరు. జాకెట్లు కుట్టడానికి ఇవ్వడం, అవి సరిగ్గా రాలేదని మళ్ళీ ఇవ్వడం, విమానం ఎక్కే రోజు సాయంత్రం పరుగెత్తి తెచ్చుకోవడం. మధ్యలో "మా ఇంటికి రాకుండానే పోతారా" అనేవాళ్ళ ఇళ్ళకి రోజుకి మూడు చొప్పున. మా చిన్నవాణ్ణి ఒకసారి టీచరు సెలవుల గురించి రాయమంటే "మేము చాలా సోఫాల మీద కూర్చున్నాం" అని రాశాడు. నవ్వుకున్నాం గానీ వాడు రాసింది అబద్ధం కాదు.

అందులో పుట్టింటి వాటా ఎంతో అడగండి. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు. సికింద్రాబాద్‌లో రైలెక్కితే రాత్రంతా ప్రయాణం. 20 రోజుల్లో నాకు దక్కేది నాలుగు రోజులు, అందులో ఒకటి నిద్రకే పోయేది. మగవాళ్ళు "ఊరికి వెళ్తున్నాం" అంటే ఏ ఊరో ఎవరూ అడగరు.

అసలు సెలవు ఎవరికి అన్నది ఇంకో మాట. డిపెండెంట్ పాస్ మీద వెళ్ళి ఇల్లు చూసుకునే ఆడదానికి సెలవు ఇచ్చే ఆఫీసు ఏదీ లేదు. ఊరికి వస్తే వంటింట్లో కోడలు. తిరగడానికి వెళ్తే హోటల్ గదిలో కూడా వంటే. ట్రావెల్ కుక్కర్ సంగతి మీలో చాలామందికి తెలుసు. బట్టల మధ్య దాన్ని చుట్టిపెట్టి, పక్కన బియ్యం, కందిపొడి, ఆవకాయ సీసాకి మూడు కవర్లు. దీన్ని వెక్కిరించేవాళ్ళు ఉన్నారు, "అంత దూరం పోయి కూడా పప్పన్నమేనా" అని. నేను వెక్కిరించను. 60 దాటిన మనిషికి పొద్దంతా తిరిగాక రాత్రికి ఇంత వేడన్నం, పచ్చడి లేకపోతే మర్నాడు కాలు కదలదు. అందుకని నా షరతు ఒకటే ఉండేది. కుక్కర్ వస్తుంది, దాని ప్లగ్గు పెట్టేది, గిన్నె కడిగేది మాత్రం నేను కాదు. మా ఆయన మొదటి రెండు రోజులూ అన్నం ముద్ద చేశారు, మూడో రోజుకి చెయ్యి తిరిగింది.

2013 డిసెంబరులో మేం ఊరికి రాలేదు. అత్తమ్మనీ మామయ్యనీ సింగపూర్ రప్పించుకుని, అక్కణ్ణుంచి అందరం కలిసి కంబోడియా వెళ్ళాం, అంగ్కోర్ వాట్ చూడటానికి. సింగపూర్ నుంచి సియెం రీప్‌కి విమానం రెండు గంటలే. గుడి టిక్కెట్టు అప్పట్లో రోజుకి 20 డాలర్లు (2017లో 37 చేశారు), 12 ఏళ్ళలోపు పిల్లలకి లేదు. మామయ్య తలకి తువ్వాల చుట్టుకుని అక్కడి ఆటోలో ముందు సీటు కావాలని పట్టుబట్టారు. దానికి ముందు సీటే లేదు, మోటారు సైకిల్ వెనక కట్టిన బండి అది.

అత్తమ్మ గురించి కొంచెం చెప్పాలి. ఆమె బడికి పోలేదు. సింగపూర్‌లో మా పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఆమెకి రోజు గడవడం కష్టంగా ఉండేది. లిఫ్టులో ఎవరు పలకరించినా తల ఊపేది. టీవీ రిమోట్ దగ్గర్నుంచి పొయ్యి వెలిగించడం దాకా అన్నీ మనవణ్ణి అడగాలి. ఆరేళ్ళ పిల్లాడు "నానమ్మకి ఏమీ రాదు" అని తేల్చేశాడు కూడా.

అంగ్కోర్ వాట్ 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన విష్ణాలయం. చుట్టూ ఉన్న వసారా గోడల మీద మన కథలే. పడమటి వైపు ఒక పక్క కురుక్షేత్రం, ఇంకో పక్క లంకా యుద్ధం. తూర్పు వైపు క్షీరసాగర మథనం, దాదాపు 49 మీటర్ల పొడవున ఒకే గోడ మీద. ఒకవైపు 92 మంది రాక్షసులు, ఒకవైపు 88 మంది దేవతలు, మధ్యలో విష్ణుమూర్తి, కింద తాబేలు. గైడ్ ఇంగ్లీషులో మొదలుపెట్టేలోపు అత్తమ్మ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఈడ చూడు బిడ్డా, తలకాయకాడ పట్టుకున్నోళ్లు రాక్షసులు. తోకకాడున్నోళ్లు దేవతలు. పాము ఇసం కక్కితె మొదలు ఎవ్వలికి తగులుతది?" అంది. పెద్దది ఆలోచించి చెప్పింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. మంధర పర్వతం, హాలాహలం, లక్ష్మీదేవి పుట్టడం, అమృతం కోసం కొట్లాట, మోహిని వచ్చి వరసలు కూర్చోబెట్టడం, అన్నీ గోడ పొడుగునా నడుస్తూ చెప్పింది. పిల్లలు ఆమె చీర కొంగు పట్టుకుని వెనకే. మా గైడ్ కాసేపు చూసి, చేతులు కట్టుకుని తనూ నిలబడ్డాడు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎక్కడిదాకా వచ్చిందో బొమ్మల్ని బట్టి తెలుస్తూనే ఉంది.

అత్తమ్మ చిన్నప్పుడు ఊళ్ళో కథలు చెప్పేవాళ్ళ దగ్గర రాత్రుళ్ళు కూర్చుని విన్న కథ అది. దూలపల్లిలో హాల్లో కూర్చుని ఆమె అదే కథ చెప్పబోతే పిల్లలు వినేవాళ్ళా? ఐదు నిమిషాలకి ఐప్యాడ్ వెతుక్కునేవాళ్ళు. ఊళ్ళో ఆమె వంట చేసే నానమ్మ, సింగపూర్‌లో ఏమీ రాని నానమ్మ. ఆ గోడ ముందు ఆమె అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి. నేను ఊరి బదులు ప్రయాణం అంటున్నది ఈ పొద్దు కోసమే, షాపింగుల కోసం కాదు.

రెండేళ్ళ తర్వాత మా అమ్మానాన్నల వంతు. (వంతు అనే మాట ఒత్తి చెప్తున్నాను. అబ్బాయి తల్లిదండ్రులు నాలుగుసార్లు వచ్చి, అమ్మాయి తల్లిదండ్రులు పురిటికి మాత్రమే వచ్చే ఇళ్ళు నాకు డజను తెలుసు.) వాళ్ళని బస్సులో మలేషియా తీసుకెళ్ళాం. సింగపూర్‌ని జొహోర్‌తో కలిపే కాజ్‌వే కిలోమీటరు పైచిలుకే. దేశం దాటడం అంటే ఇంతేనా అని నాన్న ఆశ్చర్యపోయారు. ఆయన తాత రంగం వెళ్ళిన మనిషి. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. ఓడ మీద వెళ్ళి రేవుల్లో, రైసు మిల్లుల్లో పనిచేసి ఏ రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చేవాళ్ళు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడ్డప్పుడు బర్మా నుంచి లక్షల మంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. నాన్న తాత అలా నడిచొచ్చినవాడేనట. ఈ సంగతులు నాన్న నాకెప్పుడూ చెప్పలేదు. ఆ కాజ్‌వే మీద బస్సు ట్రాఫిక్‌లో గంటన్నర ఆగిపోతే, వెనక సీట్లో కూర్చుని మనవలకి చెప్పారు.

బతు కేవ్స్‌లో మురుగన్ విగ్రహం, 2006లో ఆవిష్కరించింది, 140 అడుగులు. పైకి 272 మెట్లు. నాన్న, పిల్లలు ఎక్కారు. మోకాళ్ళ నొప్పి వల్ల అమ్మ కింద ఉండిపోయింది, నేనూ ఉన్నాను. మేం మాట్లాడుకోవడం విని పక్కన కూర్చున్న ఒకావిడ "ఏటమ్మా, ఎప్పుడొచ్చినారు?" అంది. మాకు నోట మాట రాలేదు. పెరాక్ రాష్ట్రంలో తోటల్లో పనికొచ్చిన కుటుంబమట, ఆమె ముత్తాత సిక్కోలు వైపువాడే. ఆమె ఎప్పుడూ ఇండియా చూడలేదు. 1981లో కౌలాలంపూర్‌లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయని మనం పుస్తకంలో చదువుకున్నాం గానీ, అవి అక్కడెందుకు జరిగాయో నాకు ఆ మెట్ల దగ్గర తెలిసింది. అమ్మా ఆవిడా గంటసేపు మాట్లాడుకున్నారు, ఎక్కువగా చేపల పులుసు గురించి.

ఇదంతా చదివి మీరు అడగబోయేది నాకు తెలుసు. రాలేనివాళ్ళ సంగతేమిటి? ఎదురు వాదన నా ఇంట్లోనే ఉంది. మేం కంబోడియా వెళ్ళొచ్చిన రెండు నెలలకి, 2014 ఫిబ్రవరిలో, మా అమ్మమ్మ పోయింది. అంతకు 14 నెలల ముందు చూశాను ఆమెని. నేను చేరేసరికి అంతా అయిపోయింది. "డిసెంబరులో వచ్చి ఉంటే చూసేదానివి" అని ఒకరిద్దరు అన్నారు, బాధతోనే అన్నారు. వచ్చి ఉంటే నరసన్నపేటకి నాలుగు రోజులు దక్కేవి, అందులో అమ్మమ్మ మంచం పక్కన ఒక పూట. ఆ ఒక్క పూట విలువ ఎంతో నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ దానికి నలుగురి టిక్కెట్లు, 20 రోజులు, మూడు సూట్‌కేసుల చాక్లెట్లు అక్కర్లేదు. కదలలేని మనిషి ఉంటే, ఆ మనిషి కోసమే, మీరొక్కరే, చిన్న సంచీతో నాలుగు రోజులు వెళ్ళి రండి. పిల్లల్ని వాళ్ళ నాన్న చూసుకుంటారు. కుక్కర్ ఎలాగూ వచ్చు కదా!

ఇదే ఆసియాలో గల్ఫ్ కూడా ఉంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి పోయి, పెళ్ళాం పిల్లల్ని ఇక్కడే వదిలి, రెండేళ్ళకోసారి దొరికే సెలవు కోసం రోజులు లెక్కపెట్టుకునేవాళ్ళు. నా మాట వాళ్ళకి కాదు. వాళ్ళకి ఊరొక్కటే సెలవు.

మామయ్య 2018లో పోయారు. ఆ తువ్వాల ఫోటో హాల్లో ఉంది. అత్తమ్మ ఇప్పుడు మెట్లెక్కలేదు. ఫోటో చూసిన వాళ్ళకి మాత్రం ఆ పాము కథ మొదట్నుంచి చెప్తుంది.

పొద్దున ఫారెస్ట్ అకాడమీ వైపు చెట్ల నీడన నడవడానికి వచ్చే పెద్దవాళ్ళలో సగం మంది పిల్లలు బయటి దేశాల్లోనే ఉన్నారు. జూన్ వస్తుందంటే గదులు దులిపిస్తారు, ఏసీ సర్వీసింగ్ చేయిస్తారు. పోయిన నెల మా వెనక వీధి ఆంటీ ముఖం చిన్నబుచ్చుకుని "మావోడు ఈసారి వస్తలేడంట, బాలి పోతున్నరంట" అంది. కొడుకు కౌలాలంపూర్‌లో ఉంటాడు. నాకు ఆమె మీద జాలి కలిగింది, ఆ కోడలి మీద కోపం రాలేదు. కోపం వచ్చింది ఇంకో దానికి: "మీరూ రండి" అని ఆమెని ఎవరూ అడగలేదు. అడగడానికి వీల్లేకుండా ఆమెకి పాస్‌పోర్టే లేదు. "నాకెందుకు బిడ్డా, గా వయసు దాటింది" అంటుంది. 60 దాటినవాళ్ళకి కొత్త పాస్‌పోర్టు ఫీజులో పది శాతం తగ్గింపు ఉందనీ, 2023 డిసెంబరు నుంచి మలేషియాకి మనవాళ్ళకి వీసా కూడా అడగట్లేదనీ చెప్పాను. కొంచెం దూరం నడిచాక "ఆడ గుడికి శాన మెట్లున్నయట గద, ఎక్కలేనోళ్లు ఏం చేస్తరు?" అని అడిగింది.

కింద కూర్చుని పావురాల్ని చూస్తారు, ఎవరో ఒకరు వచ్చి తెలుగులో పలకరిస్తారు అన్నాను.

మొన్న ఆధార్ సెంటర్‌కి వెళ్ళొచ్చిందట. కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉంది, అసలు తేదీ ఎవరికీ తెలియదు. కొడుక్కి ఫోన్ చేసి అదే ఉంచెయ్యమందామా అని ఇద్దరం ఆలోచిస్తున్నాం.