గృహిణి – న్యాయము : నౌకరు చేసిన తప్పునకు యజమాని బాధ్యుడా?

కంచెయే చేను మేసినచో కాపాడువా రెవ్వరని మనవారు చెప్పుకొనుట కలదు. నమ్మి పనిలో నుంచుకొన్న గుమాస్తా పరుల సొమ్ము కాజేసినను, బండి తోలు డ్రైవరు దారిన బోవువారిని గ్రుద్దినను, నష్టపడినవా రెవ్వరిని అడుగవలెను? తప్పు చేసినవానినా, వానికి జీతమిచ్చు యజమానినా? ఈ నెల ఈ విషయమును గూర్చి వ్రాయదలచితిమి. ఇది కచేరీలకును ప్లీడర్లకును సంబంధించిన సంగతి, మనకేల యని పుట త్రిప్పివేయవలదు. ఈ న్యాయమును స్థిరపరచిన ముఖ్యమైన తీర్పులలో కొన్నింటియందు కోర్టుకు పోయినవారు స్త్రీలే. వారు పోగొట్టుకొన్నవియు గృహిణులు భద్రముగా దాచుకొను వస్తువులే.

తప్పు చేసినవాడు శిక్షార్హుడనుటలో సందేహము లేదు. 2024 జులై 1వ తేది నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము, యజమాని వస్తువును దొంగిలించిన నౌకరునకును, అప్పగించిన సొమ్మును హరించిన గుమాస్తాకును 7 సంవత్సరముల వరకు కారాగార శిక్ష విధింపవచ్చును. కాని వాడు చెరసాలకు పోయినంతమాత్రమున పోయిన సొమ్ము పెట్టెలోనికి తిరిగి రాదు గదా! అందుచేత నౌకరు తన యుద్యోగపు పనిలో నుండి చేసిన తప్పునకు యజమానియు నష్టపరిహార మీయవలెనను న్యాయ మేర్పడినది. ఇది ఆంగ్లేయుల న్యాయముతోపాటు మన కోర్టులకు వచ్చినది. కనుక ముందు ఆ దేశపు దృష్టాంతములు రెండు చూచి, పిదప మన దేశమునకు వత్తము.

లివర్‌పూలు నగరములో గ్రేస్, స్మిత్ అను న్యాయవాదుల కంపెనీ యుండెను. ఒక వితంతువు తనకున్న రెండు చిన్న యిండ్లను గూర్చియు, తనఖాపై బదులిచ్చిన సొమ్మును గూర్చియు సలహా కోరి అచ్చటికి పోయెను. ఆ కంపెనీలో అట్టి వ్యవహారములు చూచుచుండినవాడు పెద్ద గుమాస్తా. అతడు ఆస్తి అమ్ముట మేలని చెప్పి, అందులకు కావలసినవని రెండు కాగితములపై ఆమెచేత సంతకము చేయించెను. ఆమె వానిని చదువలేదు. అతడు వివరించి చెప్పలేదు. నిజమునకు అవి ఆమె యిండ్లను, తనఖా హక్కును ఆ గుమాస్తా పేరనే మార్చు దస్తావేజులు! అతడు వానిని అడ్డము పెట్టుకొని సొమ్ము చేసికొనెను. కంపెనీవారు తమ కీ మోసము తెలియదనియు, దానివలన తమకు దమ్మిడీయైన లాభము రాలేదనియు వాదించిరి. 1912వ సంవత్సరమున ప్రభువుల సభ ఆ వాదమును త్రోసివేసెను. ఆమె కంపెనీ పేరును నమ్మి వచ్చినది. ఆ పనికి ఆ గుమాస్తాను కూర్చుండబెట్టినవారు కంపెనీవారే. లాభము రాకున్నను వారే బాధ్యులని తీర్పు చెప్పిరి.

రెండవది 1965వ సంవత్సరపు తీర్పు. ఒక స్త్రీ తన మింకు బొచ్చు ఉత్తరీయమును శుభ్రము చేయింపుమని ఒక వర్తకున కిచ్చెను. అతడు ఆమె సమ్మతితో దానిని వేరొక కార్ఖానాకు పంపెను. అచ్చట దానిని శుభ్రము చేయుటకు నియమింపబడిన పనివాడే దానిని దొంగిలించెను. కార్ఖానావారే బాధ్యులని అప్పీలు కోర్టు నిర్ణయించెను. ఆ తీర్పులోనే యొక న్యాయాధిపతి వేరొక సూక్ష్మమును గూడ చెప్పెను : ఆ వస్తువుతో ఏ సంబంధమును లేని వేరొక పనివాడు దొంగిలించియున్నచో, వాని దొంగతనము ఉద్యోగపు పనిలో చేరదు. ఈ సూక్ష్మము ఎంత గొప్పదో మన దేశపు వ్యవహారము వలన తెలియగలదు.

అలహాబాదులో ఒక గృహిణికి ఇంపీరియలు బ్యాంకులో సేవింగ్సు ఖాతా యుండెను. ఈ బ్యాంకే 1955లో స్టేటు బ్యాంకు ఆఫ్ ఇండియా యైనది. అందలి ఉద్యోగి యొకడు ఆమె భర్తకు పొరుగువాడు, స్నేహితుడును. ఖాతాలో జమ కట్టుమని వారు అతనిచేతి కిచ్చిరి. రసీదు గాని, చీటి గాని పుచ్చుకొనలేదు. అతడు పాసుబుక్కులో తప్పుడు పద్దులు వ్రాసి యిచ్చి, సొమ్ము హరించెను. ఆమె బ్యాంకుపై దావా తెచ్చెను. వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయినది. సేవింగ్సు ఖాతాల కౌంటరు పని అతనికి అప్పగింపబడలేదనియు, వారు స్నేహితుడని నమ్మి యిచ్చిరే కాని బ్యాంకు పనివాడుగా అతడు పుచ్చుకొనలేదనియు, కావున బ్యాంకు బాధ్యత వహింపదనియు 1978వ సంవత్సరమున తీర్పు వచ్చెను.

పాఠకురాండ్రు ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక. మువ్వురును నమ్మి మోసపోయినవారే. అందు ఇరువురకు పరిహారము దొరకినది, ఒకరికి దొరకలేదు. భేద మెచ్చట నున్నది? మోసము చేసినవాడు యజమాని తన కప్పగించిన పనిలో నుండి ఆ మోసము చేసెనా యనునదే ప్రశ్న. వాడు ఆ సంస్థలో ఉద్యోగి యైనంతమాత్రమున చాలదు.

కాబట్టి మేము విన్నవించున దేమనగా, మొగమాటమునకు పోయి ఇంటి గుమ్మములో సొమ్ము చేతి కీయవలదు. బ్యాంకు ఉద్యోగి పొరుగువాడైనను, చీట్ల కంపెనీ గుమాస్తా దూరపు బంధువైనను, సొమ్ము కట్టవలసినచోటనే కట్టి, సంస్థ ముద్రగల రసీదు పుచ్చుకొనవలెను. ఈ దినములలో ఫోను ద్వారా సొమ్ము పంపుట మెండైనది. అప్పుడును సంస్థ పేరనున్న ఖాతాకే పంపవలెను గాని, "నా నంబరుకు పంపుడు, నేను కట్టెదను" అను గుమాస్తా మాట వినరాదు. చదువకుండ ఏ కాగితముపైనను సంతకము చేయరాదు. రసీదు అడుగుట అవమాన మని తలపవలదు. నమ్మదగినవాడు దానికి కోపగింపడు.

ఇక నేడు మనలో అనేకులు యజమానురాండ్రును అయియున్నారు. కొందరు కుట్టుపని దుకాణములు, కొందరు పచ్చళ్ల వ్యాపారములు, కొందరు విద్యార్థినుల హాస్టళ్లు నడపుచున్నారు. కారునకు డ్రైవరును పెట్టుకొన్నవారును యజమానులే. మీ పనిపై పోవుచు అతడు అజాగ్రత్తతో ఒకనిని గ్రుద్దెనేని, ఆ పరిహారపు భారము మీకును తగులును. కనుక లైసెన్సు చూడక బండి అప్పగింపరాదు. భీమా గడువు దాటనీయరాదు. సొమ్ము పుచ్చుకొనువాడొకడు, లెక్క సరిచూచువా రొకరుగా నుండుట మేలు. లివర్‌పూలు కంపెనీలో పెద్ద గుమాస్తాపై పర్యవేక్షణ లేకపోవుటయే సర్వానర్థములకు మూల మయ్యెను.

పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయుచోట మరియొక విధి కలదు. స్త్రీలను లైంగికముగా వేధించు దుష్ప్రవర్తనను గూర్చి 1997లో సుప్రీంకోర్టు నియమములు విధింపగా, 2013లో చట్టము వచ్చెను. దాని ప్రకారము యజమాని ఒక స్త్రీ అధ్యక్షతన అంతర్గత సంఘము నేర్పరుపవలెను. ఏర్పరుపనిచో 50,000 రూపాయల వరకు జరిమానా. మరల తప్పినచో రెట్టింపు, లైసెన్సు సయితము పోవచ్చును. పదిమందికి తక్కువగా నున్నచోట పనిచేయువారును, ఇండ్లలో పనిచేయు స్త్రీలును జిల్లాలోని స్థానిక సంఘమునకు ఫిర్యాదు చేసికొనవచ్చును.

ధననష్టమున కంటె పేరునకు కలుగు నష్టము దీర్ఘమైనది. గ్రేస్, స్మిత్ కంపెనీ చెల్లించిన సొమ్ము ఎప్పుడో మరుగునపడినది. పేరు మాత్రము నూఱేండ్లు దాటినను న్యాయశాస్త్ర విద్యార్థుల నోట నానుచునే యున్నది. మోసగించినవాడు గుమాస్తా, అపకీర్తి కంపెనీది! అందుచేతనే కొందరు యజమానులు తప్పును కప్పిపుచ్చ జూతురు. అది మిక్కిలి పొరపాటు. నౌకరు చేసినది వాని తప్పు. దానిని దాచినది యజమాని తప్పు. వెంటనే విచారించి, నష్టపడినవారికి న్యాయము చేసిన సంస్థను లోకము క్షమించును.

అట్లని అనుమానము కలిగినంతనే వీధిలో దొంగయని చాటరాదు. పనిలో తప్పు చేసిన నౌకరును సద్బుద్ధితో మందలించు హక్కును చట్టము యజమానికి ఇచ్చినది. నిర్ధారణ కానిదే ఇరుగుపొరుగువారికి చెప్పి వాని పొట్ట కొట్టు హక్కు నీయలేదు. కనబడని గొలుసు తలగడ క్రింద దొరకుట మన యిండ్లలో అరుదు కాదు గదా! ముందు వెదకవలెను, తరువాత వానిని పిలిచి అడుగవలెను, వాడు చెప్పునది వినవలెను. పేదవానికి పేరే ఆస్తి. యజమాని పేరు వాని చేతిలో నున్నట్లే, వాని పేరును యజమాని చేతిలో నున్నది.